క్యాప్ పెరిగితే లాభం ఎవరికి?

అమెరికా నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఒక్కో జట్టు ఆటగాళ్ల జీతాలకు పెట్టగలిగే గరిష్ఠ మొత్తం, అంటే సాలరీ క్యాప్, 2021లో 18.25 కోట్ల డాలర్లు. 2025 సీజన్‌కి అది 27.92 కోట్లయింది. అంటే నాలుగేళ్లలో సగానికి మించి పెరిగింది. ఏటా సీజన్ ముగిశాక లీగ్ కొత్త అంకె ప్రకటించగానే ప్రతి ఊళ్లోనూ అభిమానులకు ఒకటే ఆశ పుడుతుంది: మన జట్టు చేతికి ఇంకో రెండు మూడు కోట్లు వచ్చాయి, ఈసారి మంచి ఆటగాణ్ని తెచ్చుకోవచ్చు అని. డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి కాబట్టి ఈ మాట మన ఇళ్లలోనూ వినిపించేదే. ఆశ సహజం. కానీ పక్క జట్టుకీ అంతే వచ్చింది. 32 జట్లకూ ఒకే రోజు ఒకే మొత్తం పెరిగితే ఎవరూ ఎవరికన్నా బలపడరు.

అయినా సాలరీ క్యాప్ పెరుగుదల జట్ల తలరాతలు మారుస్తూనే ఉంది. అది పనిచేసే దారి వేరు. పెరుగుతున్న క్యాప్ నిన్నటి ఒప్పందాన్ని ఇవాళ చౌక చేస్తుంది. కాబట్టి ముందుగా సంతకం పెట్టించుకున్నవాడికి, భవిష్యత్తు నుంచి అప్పు తెచ్చుకున్నవాడికి, చివరికి పెద్ద తప్పు చేసినవాడికి కూడా అది సాయపడుతుంది. జట్టు లోపలేమో కొత్త డబ్బు కొద్దిమంది దగ్గరే పోగుపడుతుంది. మైదానంలో దెబ్బలు తినేవాళ్లలో ఎక్కువమందికి ఆ పెరుగుదల నెమ్మదిగా, తక్కువగా చేరుతుంది. ఈ రెండో సంగతి గురించి జరగాల్సినంత చర్చ జరగడం లేదన్నది నా అభిప్రాయం.

క్యాప్ ఒక రాజీలోంచి పుట్టింది. 1990ల మొదటి దాకా ఈ లీగ్‌లో ఆటగాడికి జట్టు మారే స్వేచ్ఛ దాదాపు లేదు. ఒప్పందం ముగిసినా ప్రతి జట్టూ 37 మందిని తన దగ్గరే కట్టిపడేసుకునే ఏర్పాటు ఉండేది. 1992లో మినియాపొలిస్‌లో ఆటగాడు ఫ్రీమన్ మెక్‌నీల్ పేరు మీద నడిచిన కేసులో ఆ ఏర్పాటు చట్టవిరుద్ధమని జ్యూరీ తేల్చింది. ఆ వెంటే మరో ఆటగాడు రెజీ వైట్ పేరుతో ఇంకో దావా వచ్చింది. 1993లో ఇరుపక్షాలూ ఒక అంగీకారానికి వచ్చాయి. ఆటగాళ్లకు ఫ్రీ ఏజెన్సీ, అంటే ఒప్పందం ముగిశాక జట్టు మారే స్వేచ్ఛ, దక్కింది, ఓనర్లకు ఖర్చు మీద పరిమితి దక్కింది. 1994లో మొదటి క్యాప్ 3.46 కోట్ల డాలర్లు. 2025 నాటిది దానికి ఎనిమిది రెట్లు.

ఈ ఎనిమిది రెట్ల ప్రయాణం తిన్నగా సాగలేదు. 2006లో కొత్త ఒప్పందంతో క్యాప్ 8.55 కోట్ల నుంచి ఒక్కసారి 10.2 కోట్లకు ఎగిరింది. తాము ఎక్కువ ఇచ్చేశామని ఓనర్లకు అనిపించింది. రెండేళ్లకే ఆ ఒప్పందం నుంచి తప్పుకోవాలని నిర్ణయించారు. ఫలితంగా 2010 సీజన్ అసలు క్యాపే లేకుండా నడిచింది. 2011 మార్చి నుంచి జులై దాకా లాకౌట్. రాజీ కుదిరి తిరిగి మొదలైనప్పుడు క్యాప్ 12 కోట్ల దగ్గర ఆగింది. 2013లో కూడా 12.3 కోట్లే. ఆటగాళ్ల వాటా తగ్గించుకుని కుదుర్చుకున్న ఒప్పందం అది. క్యాప్ లేని ఆ 2010లో జీతాలు ఎక్కువ ముట్టజెప్పి తర్వాతి ఏళ్ల భారం దించుకున్నందుకు వాషింగ్టన్ జట్టుకు 3.6 కోట్లు, డాలస్‌కు కోటి డాలర్ల క్యాప్ కోత పడింది. పరిమితే లేని ఏడాదిలో పెట్టిన ఖర్చుకు శిక్ష వేయడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

అసలు పరుగు తర్వాత వచ్చింది. 2020 ఒప్పందం లీగ్ ఆదాయంలో ఆటగాళ్లకు కనీసం 48 శాతం రాసిచ్చింది. సీజన్‌కి 17వ మ్యాచ్ కలిస్తే ఇంకాస్త ఎక్కువ. 2021లో ఆ మ్యాచ్ కలిసింది. అదే ఏడాది మార్చిలో అమెజాన్, సీబీఎస్, ఈఎస్‌పీఎన్, ఫాక్స్, ఎన్‌బీసీలతో 11 ఏళ్లకు దాదాపు 11,000 కోట్ల డాలర్ల ప్రసార ఒప్పందాలు ఖరారయ్యాయి. క్యాప్ పెరుగుదల వెనకున్న బలం ఈ టీవీ డబ్బే.

ఆ డబ్బు ఎలా పంచుకుంటారో తెలిస్తే ఈ లీగ్‌లో క్యాప్ పెరుగుదల చిన్న ఊళ్ల జట్లను ఎందుకు భయపెట్టదో అర్థమవుతుంది. జాతీయ ఆదాయాన్ని 32 జట్లూ సమానంగా పంచుకుంటాయి. గ్రీన్ బే జనాభా లక్షకు కాస్త పైన. అక్కడి ప్యాకర్స్ జట్టు జనం వాటాలతో నడిచేది, కాబట్టి ఏటా లెక్కలు బయటపెడుతుంది. 2025 మార్చితో ముగిసిన ఏడాదికి ఆ జట్టుకు జాతీయ వాటాగా వచ్చింది 43.26 కోట్ల డాలర్లు. ఆ సీజన్ క్యాప్ 25.54 కోట్లు, పింఛను, ఆరోగ్య బీమా లాంటి వాటికి జట్టుకు మరో 7.4 కోట్లు. ఒక్క టికెట్ అమ్మకముందే ఆటగాళ్ల ఖర్చంతా తీరిపోయి ఇంకా పది కోట్లు మిగిలాయన్నమాట. యూరప్ సాకర్‌లో ఇలా కాదు. స్పెయిన్ లీగ్‌లో ఒక్కో క్లబ్బు పరిమితి ఆ క్లబ్బు సొంత ఆర్థిక స్థితిని బట్టి ఉంటుంది. బార్సిలోనా లెక్కలు తలకిందులైనప్పుడు, 2021 ఆగస్టులో మెస్సీ లాంటివాణ్ని కూడా నిలుపుకోలేకపోయింది. అమెరికన్ ఫుట్‌బాల్ క్యాప్ లీగ్ మొత్తం సంపాదనను బట్టి కదులుతుంది. న్యూయార్క్‌కూ గ్రీన్ బేకూ ఒకటే కొలత.

పరిమితితో పాటు కనీస ఖర్చు నిబంధన కూడా ఉంది. మూడేళ్ల కాలానికి లెక్కగట్టి ప్రతి జట్టూ క్యాప్ మొత్తంలో కనీసం 90 శాతం నగదుగా ఆటగాళ్లకు చెల్లించాలి. ఇది లేకపోతే క్యాప్ పెరుగుదల చాలామంది ఓనర్ల లాభాల ఖాతాలోనే మిగిలేది.

ఇక అసలు కీలకం. క్యాప్‌లో పడే లెక్క వేరు, ఆటగాడి చేతికి అందే నగదు వేరు. ఆటగాడికి 5 కోట్ల డాలర్ల సైనింగ్ బోనస్ ఈ ఏడాదే ఇచ్చేసినా, క్యాప్ లెక్కలో దాన్ని ఏడాదికి కోటి చొప్పున ఐదేళ్లకు పరచుకోవచ్చు. ఒప్పందంలో అన్నేళ్లు లేకపోతే ఆటగాడు ఆడబోని సంవత్సరాలను కాగితం మీద చేర్చి మరీ పరుస్తారు. వాటినే వాయిడ్ ఇయర్స్ అంటారు. మధ్యలో ఆటగాణ్ని వదిలేస్తే ఇంకా లెక్కలోకి రాని బోనస్ అంతా ఒక్కసారిగా, మహా అయితే రెండేళ్లలో, క్యాప్ మీద పడుతుంది. జట్టులో లేనివాడి పేరిట మోసే ఆ భారమే డెడ్ మనీ.

క్యాప్ కదలకుండా ఉంటే ఇదంతా సర్దుబాటు మాత్రమే. ఇవాళ తెచ్చుకున్నది రేపు అంతే బరువుతో తిరిగొస్తుంది. క్యాప్ పెరుగుతుంటే మాత్రం పదేళ్ల కిందట హైదరాబాద్ శివార్లలో ఇల్లు కొన్నవాడి ఈఎంఐ లాగా, కిస్తీ మారకపోయినా జీతం పెరిగిన కొద్దీ భారం తేలికవుతుంది. ఈ సంగతిని అందరికన్నా బాగా వాడుకున్నది ఫిలడెల్ఫియా ఈగల్స్ అనిపిస్తుంది. జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్ తన ముఖ్యమైన ఆటగాళ్లకు మార్కెట్ ఇంకా పెరగకముందే పొడిగింపులిచ్చి, జీతంలో పెద్ద భాగాన్ని బోనస్‌లుగా మార్చి, వాయిడ్ ఇయర్స్ మీదుగా ముందుకు నెట్టే పద్ధతిలో జట్టు కట్టాడు. 2025 ఫిబ్రవరిలో ఆ జట్టు కాన్సస్ సిటీ చీఫ్స్‌ను 40-22తో ఓడించి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది.

దీనికి ఒక షరతు ఉంది. బోనస్‌ను క్యాప్‌లో ఐదేళ్లకు పరచవచ్చు గానీ డబ్బు మాత్రం చేతిలోంచి ముందే వెళ్తుంది. భవిష్యత్తు గ్యారంటీల కోసం కూడా ఓనర్లు సొమ్ము ముందే పక్కన పెట్టాలనే పాత నిబంధన ఇప్పటికీ ఉంది. అంచేత నగదు దండిగా ఉన్న ఓనరుకూ, జట్టే ప్రధాన వ్యాపారమైన సిన్సినాటి ఓనర్ల లాంటి కుటుంబానికీ క్యాప్ ఒకటే అయినా దాన్ని వాడుకునే శక్తి ఒకటి కాదు. సమానత్వం కోసం పెట్టిన ఏర్పాటులోకి ఓనర్ల మధ్య తేడా ఇలా తిరిగొచ్చింది. క్యాప్ ఎంత వేగంగా పెరిగితే ఈ తేడా అంత విలువైనదవుతుంది.

డెన్వర్ బ్రాంకోస్ ఉదంతం చూడండి. 2022లో వాల్‌మార్ట్ వారసుల కుటుంబం ఆ జట్టును 465 కోట్ల డాలర్లకు కొన్నది. అదే ఏడాది, జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌తో 24 కోట్లకు పైబడిన ఐదేళ్ల పొడిగింపు కుదిరింది. రెండు సీజన్లు తిరగకుండానే అది పొరపాటని తేలింది. 2024 మార్చిలో అతణ్ని వదిలేసినప్పుడు 8.5 కోట్ల డెడ్ మనీ మీద పడింది. 2024లో దాదాపు 5.3 కోట్లు, మిగతాది 2025లో. లీగ్ చరిత్రలో అప్పటికి అంతకు ముందెన్నడూ లేనంత. పాత రోజుల్లో అయితే ఇలాంటి దెబ్బ నుంచి జట్టు కోలుకోవడానికి ఏళ్లు పట్టేది. కానీ సరిగ్గా ఆ ఏడాదే క్యాప్ 22.48 కోట్ల నుంచి 25.54 కోట్లకు పెరిగింది. కోవిడ్ కాలంలో వాయిదా పడిన చెల్లింపులు తీరిపోవడం, ప్రసార ఆదాయం పెరగడం కలిసి ఒక్క ఏడాదిలో మూడు కోట్లకు మించిన పెరుగుదల తెచ్చాయి. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో డెన్వర్, క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్‌ను ఎంచుకుంది. కొత్తవాడు కనుక అతని ఒప్పందం నాలుగేళ్లకు 2 కోట్ల లోపే. ఆ సీజన్‌లో జట్టు 10 మ్యాచ్‌లు గెలిచి, 2015 తర్వాత మళ్లీ ప్లేఆఫ్స్‌కు చేరింది. క్యాప్‌లో ఐదో వంతు, లేని ఆటగాడికి పోయింది. అయినా జట్టు నిలబడింది. అదే 5.3 కోట్లు 2021 క్యాప్ మీద పడి ఉంటే మూడో వంతుకు దగ్గరయ్యేది.

2021ని తలుచుకోవాల్సింది న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ కోసం. జనరల్ మేనేజర్ మికీ లూమిస్ ఏళ్ల తరబడి ఇదే ఎత్తు వాడాడు. జీతాలను బోనస్‌లుగా మార్చి, భారాన్ని ముందుకు నెట్టి, క్యాప్ ఎలాగూ పెరుగుతుందిలే అని నడిపాడు. పెరిగినంత కాలం అది తెలివిగానే కనిపించింది. కోవిడ్ వచ్చి స్టేడియాలు ఖాళీ కావడంతో 2020లో 19.82 కోట్లున్న క్యాప్ 2021లో 18.25 కోట్లకు పడింది. సెయింట్స్ అప్పటికే పరిమితికి దాదాపు పది కోట్లు పైన ఉన్నారు. రిటైర్ కాబోతున్న క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్, జట్టుకు వెసులుబాటు కోసం తన 2.5 కోట్ల జీతాన్ని 10.75 లక్షల కనీస జీతానికి తగ్గించుకున్నాడు. అయినా ఎందరినో వదులుకోక తప్పలేదు. జట్టు మాత్రం అదే దారి కొనసాగించింది. 2021 నుంచి 2024 దాకా నాలుగు సీజన్లలో ఒక్కసారీ ప్లేఆఫ్స్‌కు వెళ్లలేదు. ఫిలడెల్ఫియా, న్యూ ఓర్లీన్స్ వాడిన పనిముట్టు ఒకటే. ఒకరు దాన్ని ఎదుగుతున్న కుర్రవాళ్ల మీద వాడారు, మరొకరు వయసు మీరుతున్న జట్టును ఇంకో ఏడాది నిలబెట్టడానికి వాడారు. క్యాప్ పెరుగుదల మొదటివారికి ఇచ్చినంత రెండోవారికి ఇవ్వలేకపోయింది.

ఇక జీతాల రికార్డుల సంగతి. పత్రికల్లో ఏటా ఒక కొత్త రికార్డు శీర్షిక వస్తుంది. వాటిని డాలర్లలో కాకుండా సంతకం పెట్టిన ఏటి క్యాప్‌లో శాతంగా చూడాలి. 2020 జులైలో చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ పదేళ్లకు 45 కోట్ల పొడిగింపు తీసుకున్నాడు. ఏడాదికి 4.5 కోట్లు, అప్పటి క్యాప్‌లో 22.7 శాతం. 2024 సెప్టెంబరులో తన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు డాలస్ ఏడాదికి 6 కోట్లిచ్చింది. చూడ్డానికి మూడో వంతు ఎక్కువ. క్యాప్‌లో మాత్రం 23.5 శాతం. 2025 మార్చిలో బఫలో, తన క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్‌తో ఏడాదికి 5.5 కోట్లకు కుదుర్చుకుంది, అది 19.7 శాతమే. పాత ఒప్పందం ఇంకా నాలుగేళ్లు మిగిలుండగానే ముందుకు కదిలి, ప్రెస్కాట్ కోసం చివరిదాకా నాన్చిన డాలస్ కన్నా బఫలో లాభపడింది. పెరిగే క్యాప్ కింద ఆలస్యానికి చెల్లించే ధర ఇది. 2025 ఆగస్టులో ఇదే డాలస్, డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్‌తో బేరం తెగక అతణ్ని గ్రీన్ బేకు ఇచ్చేసింది. అక్కడ అతనికి ఏడాదికి 4.7 కోట్లు దక్కాయి. ముందే కుదుర్చుకుని ఉంటే డాలస్‌కు అంతకన్నా తక్కువలోనే తేలేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ పెరుగుదల పోటీని సమం చేసిందా? కొంతవరకే. క్యాప్ ఉన్న కాలంలోనే న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఆరు టైటిళ్లు గెలిచింది. చీఫ్స్ ఐదు సీజన్లలో మూడు గెలిచింది. న్యూయార్క్ జెట్స్ 2010 సీజన్ తర్వాత ఒక దశాబ్దానికి పైగా ప్లేఆఫ్స్ ముఖమే చూడలేదు. మూడు జట్ల చేతిలోనూ అదే డబ్బు. చీఫ్స్ 2022లో చేసిన పని గుర్తుంచుకోదగ్గది. రిసీవర్ టైరీక్ హిల్‌కు కొత్త ధర ఇవ్వకుండా మయామీకి పంపి, బదులుగా ఐదు డ్రాఫ్ట్ అవకాశాలు తీసుకున్నారు. మహోమ్స్ ఒక్కడే క్యాప్‌లో 17 శాతం మోస్తున్నా, చవకైన కొత్తవాళ్లతో ఆ ఏడాదే సూపర్ బౌల్ గెలిచారు. అంతకుముందు అంత వాటా తీసుకున్న క్వార్టర్‌బ్యాక్‌తో ఎవరూ గెలవలేదు. దగ్గరగా వచ్చింది మొదటి క్యాప్ ఏడాది 1994లో 13 శాతంతో గెలిచిన స్టీవ్ యంగ్.

కొత్తవాళ్లు అంత చవక కావడం వెనక 2011 ఒప్పందం ఉంది. 2010లో డ్రాఫ్ట్‌లో మొదట ఎంపికైన శామ్ బ్రాడ్‌ఫర్డ్ ఆరేళ్లకు 7.8 కోట్లు తీసుకున్నాడు, అందులో 5 కోట్లు గ్యారంటీ. మరుసటి ఏడాది అదే స్థానంలో వచ్చిన క్యామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 2.2 కోట్లు. సీనియర్లకు ఎక్కువ మిగులుతుందని, కొత్తవాళ్ల జీతాల మీద ఈ కోతకు ఆటగాళ్ల యూనియన్ ఒప్పుకుంది. జరిగింది వేరు. మిగిలిన డబ్బు పైమెట్టుకు పోయింది, కింది స్థానాలను జట్లు కుర్రవాళ్లతో నింపాయి. 2022 డ్రాఫ్ట్‌లో ఆఖరున, 262వ స్థానంలో శాన్ ఫ్రాన్సిస్కోకు దొరికిన క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ 2024లో కూడా పది లక్షల డాలర్ల లోపు జీతానికే జట్టును నడిపాడు. 2025 మేలో అతనికి ఐదేళ్లకు 26.5 కోట్లు వచ్చాయి. అది న్యాయమే. కానీ అదే వేసవికి ముందు డీబో శామ్యూల్, డ్రే గ్రీన్‌లా, చార్వేరియస్ వార్డ్, టలనోవా హుఫాంగా ఆ జట్టు వదిలి వెళ్లారు.

అట్టడుగు లెక్క ఇంకా స్పష్టం. 2020లో కొత్త ఆటగాడి కనీస జీతం 6.1 లక్షల డాలర్లు, 2025లో 8.4 లక్షలు, 38 శాతం పెరుగుదల. అదే కాలంలో క్యాప్ 41 శాతం పెరిగింది. ఇంచుమించు సమానం. ఏడేళ్లు ఆడిన సీనియర్‌కు మాత్రం కనీస జీతం 10.5 లక్షల నుంచి 12.55 లక్షలకే పెరిగింది. అంటే ఇరవై శాతం కూడా కాదు. సీనియర్లను తీసుకోవడానికి జట్లు వెనకాడకుండా, వాళ్ల జీతంలో కొంత క్యాప్ లెక్కలోకి రానివ్వని సదుపాయం ఉంది, అది మంచిదే. కానీ మోకాళ్లు, మెడ, తల పణంగా పెట్టి ఏడేళ్లు నిలిచినవాడి వాటా ఇలా కుంచించుకుపోవడం ఏ వ్యాపార సూత్రంతోనూ సమర్థించలేనిది. ఈ ఆటలో ఏడేళ్లంటే చాలా కాలం. యూనియన్ చెప్పే సగటు కెరీర్ మూడేళ్ల పైచిలుకే.

బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల కథ మరీ బాధ పెడుతుంది. ఆటగాణ్ని ఇంకో ఏడాది బలవంతంగా నిలుపుకునే ఫ్రాంఛైజ్ ట్యాగ్ ధర ఆ స్థానంలో అగ్రశ్రేణి జీతాలను బట్టి ఉంటుంది. 2017లో రన్నింగ్ బ్యాక్ ట్యాగ్ 1.21 కోట్లు. 2023లో 1.01 కోట్లు. మధ్యలో క్యాప్ 16.7 కోట్ల నుంచి 22.48 కోట్లకు వెళ్లింది. మొత్తం పెరుగుతుంటే ఒక స్థానం విలువ డాలర్లలో కూడా తగ్గింది. లెవియన్ బెల్ 2018లో ట్యాగ్ కింద ఆడనని సీజన్ మొత్తం ఇంట్లో కూర్చున్నాడు. 2023లో ట్యాగ్ పడినవాళ్లలో న్యూయార్క్ జెయింట్స్‌కు ఆడిన సాక్వాన్ బార్క్‌లీ ఒకడు. మరుసటి ఏడాది ఈగల్స్‌కు వెళ్లి 2,005 గజాలు పరుగెత్తి టైటిల్ గెలిచాక, ఏడాదికి రెండు కోట్లు దాటిన మొదటి రన్నింగ్ బ్యాక్ అయ్యాడు. అతని విజయం సంతోషమే గానీ, ఆ వర్గం మొత్తానికి అది జవాబు కాదు.

గ్యారంటీల విషయంలో ఓనర్ల వైఖరి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2022లో క్లీవ్‌లాండ్, క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌కు 23 కోట్లు పూర్తి గ్యారంటీతో ఇచ్చింది. అతను నిలకడగా ఆడలేదు, ఆ ఒప్పందం జట్టును కుంగదీసింది. ఆ ఒప్పందం కుదిరిన వెంటనే జరిగిన ఓనర్ల సమావేశంలో సీనియర్ల గ్యారంటీలు తగ్గించమని లీగే జట్లను ప్రోత్సహించిందని 2025లో బయటపడిన మధ్యవర్తి తీర్పు చెప్పింది. జట్లు కుమ్మక్కై అలా చేశాయనడానికి మాత్రం ఆధారాలు చాలలేదంది. క్యాప్ ఎంత పెరిగినా, గాయపడిన సీజన్ తర్వాత ఆ డబ్బు ఆగిపోయే వీలుంటే ఆ పెరుగుదల ఆటగాడి సొంతం అయినట్టు కాదు.

మన ఐపీఎల్‌లోనూ పర్సు పెరుగుతోంది. 2025 మెగా వేలానికి అది 120 కోట్ల రూపాయలు. సన్‌రైజర్స్ 20 లక్షలకు తీసుకున్న విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని ఆ వేలానికి ముందు 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. అయితే మూడేళ్లకోసారి దాదాపు అందరూ వేలానికి తిరిగొచ్చే పద్ధతిలో రేపటి నుంచి అప్పు తెచ్చుకునే దారి లేదు, చౌకగా కట్టేసుకునే కాలమూ తక్కువే. అమెరికా జట్లలో ఒక తెలివైన సంతకం ఏళ్ల తరబడి ఫలితమిస్తుంది, ఒక తప్పు కూడా అంతే.

ఇప్పుడున్న ఉమ్మడి ఒప్పందం 2030 సీజన్ దాకా నడుస్తుంది. ప్రసార ఒప్పందాల నుంచి లీగ్ 2029 తర్వాత ముందుగానే బయటికి రావచ్చు. వస్తే క్యాప్ ఇంకో గంతు వేస్తుంది. ఓనర్లు 18వ మ్యాచ్ అడుగుతున్నారు. ఆ మ్యాచ్ దెబ్బలు కనీస జీతాల వాళ్లూ తినాలి. యూనియన్ బేరానికి కూర్చున్నప్పుడు ఆదాయంలో వాటాను 48 పైచిలుకు నుంచి 49కో 50కో పెంచమని అడిగితే సరిపోదు. ఏడేళ్ల సీనియర్ కనీస జీతాన్ని క్యాప్‌తో పాటే అదే శాతంలో పెంచాలని, ట్యాగ్ ధర ముందటి ఏడాది కన్నా తగ్గకూడదని, గాయానికి గ్యారంటీ అట్టడుగు ఒప్పందాలకూ వర్తించాలని రాతపూర్వకంగా తీసుకోవాలి. క్వార్టర్‌బ్యాక్‌ల ఏజెంట్లు వీటిని అడగరు, వాళ్లకు ఆ అవసరం లేదు. ఒప్పందం మీద యూనియన్ ఓటింగ్‌లో మాత్రం కనీస జీతం వాళ్ల సంఖ్యే ఎక్కువ.